మేజోడు తొడిగిన మూడో సీసా

"నాయన ఉండేది రెండు దినాలు. ఆ రెండు దినాలూ మీరు మొగుడు మాదిరి ఉండండి. తర్వాత హోసూరుకు పోతారో, ఇంకెక్కడికి పోతారో పోండి."

మాలిని గరిటె తిప్పడం ఆపకుండానే అన్నది. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. ఉదయకుమార్ ఫ్రిజ్‌కు ఆనుకొని, చేతిలో ఐసు ముక్కల ట్రే పట్టుకొని నిలబడ్డాడు. ట్రే అడుగునుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా అతని పాదం మీద పడుతున్నాయి. అతనికి అది కూడా పట్టలేదు.

"నేనేం చేస్తి ఇప్పుడు?"

"ఏమీ చెయ్యలేదు. అదే చెప్తుండా."

"ఎన్నాళ్ళు దాస్తావు మాలినీ? ఒకటో తేదీ ఆ హోసూరు పనికి నేను పొయ్యేది పొయ్యేదే. నాయనకు అప్పుడైనా తెలుస్తుంది కదా?"

"తెలిసేది తెలుస్తుంది. ఈ ఇంట్లో, ఆయన ముందర, ఈ దినం తెలియొద్దు."

బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగలేదు. కోదండరామన్ ఇంకా స్నానం చేస్తున్నాడు. తేని పక్కనుంచి నాలుగు బస్సులు మారి మధ్యాహ్నం మూడింటికి వచ్చి తలుపు తట్టాడు, చేతిలో ఒక పసుపు గుడ్డసంచితో. పెళ్ళైన ఈ తొమ్మిదేళ్ళలో ఫోను చెయ్యకుండా ఆయన కూతురి ఇంటికి రావడం ఇదే మొదలు.

హాల్లో భోజనానికి వచ్చిన స్నేహితులు కుమరేశన్, కళైవాణి కూర్చుని ఉన్నారు. అయినా ఆలుమగలు గొంతు తగ్గించుకోలేదు. కోయంబత్తూరు తెలుగు ఇళ్ళలో తాతల నాటి నుంచి ఒక ధీమా ఉంది. బయటివాళ్ళ ఎదుట ఇంటి గుట్టు మాట్లాడాలంటే తలుపు మూయక్కర్లేదు, భాష మారిస్తే చాలు. కుమరేశన్ దంపతులు తమిళం వాళ్ళు. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఈ వంటింట్లో జరిగిన యుద్ధాలన్నీ ఆ ధీమాతోనే జరిగాయి.

"నాకోసరం ఆయన ఒక్కగానొక్క చెల్లెల్ని ఒదులుకునె," అంది మాలిని. "అది వీణ్ణి చేసుకొనేదానికా అని ఆయనకు తోచకూడదు. అంతే నాకు కావాల్సింది."

ఉదయకుమార్ 'వీణ్ణి' అన్నందుకు కోపం కూడా తెచ్చుకోడు. ఐసు ట్రే పట్టుకొని హాల్లోకి వెళ్ళిపోయాడు.

మేనరికం లెక్కన మాలినిని ఇవ్వాల్సింది ఆండిపట్టిలో ఉన్న మేనత్త అంజలమ్మ కొడుకు కన్నన్‌కి. పుట్టిననాటి నుంచీ అనుకున్న సంబంధం. కన్నన్ మంచివాడే. కానీ మాలిని ఉదయకుమార్‌ని ఇష్టపడింది. కోదండరామన్ ఆండిపట్టి వెళ్ళి, చెల్లెలి వాకిట్లో నిలబడి, నా బిడ్డ ఇష్టమే నా ఇష్టమని చెప్పి వచ్చాడు. ఆ రోజు మూసుకున్న తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. పెళ్ళిలో మేనత్త చెయ్యాల్సిన పనులన్నీ ఎవరో దూరపు చుట్టం చేసింది.

అంత పోగొట్టుకొని చేసిన పెళ్ళి, నాలుగు నెలల కిందట ఒక శనివారం సాయంత్రం, ఇదే వంటింట్లో, రెండు మాటలతో ముగిసిపోయింది. "మనం ఇట్ల కలిసి ఉండేదానికి, ఉండకుండా ఉండేదే మేలు కదా మాలినీ," అన్నాడు ఉదయకుమార్. "సరి," అంది మాలిని. గొడవ లేదు, కేకలు లేవు. ఇద్దరిలో ఒక్కరైనా 'ఏంటికి' అని అడిగి ఉంటే ఈ కథకి ఇన్ని నెలలు పట్టేది కాదు. అడగలేదు. ఇద్దరికీ చదువుంది, ఉద్యోగాలున్నాయి, అభిమానం అంతకన్నా ఎక్కువ ఉంది.

* * *

నెలకొక శనివారం ఈ నలుగురూ ఒక ఇంట్లో చేరి భోంచేస్తారు. మూడేళ్ళుగా తప్పలేదు. కుమరేశన్, ఉదయకుమార్ ఒకే పంపుల కంపెనీలో పని చేస్తారు. భోజనంతో పాటు ఇంటికొక వైను సీసా. చవకది అయ్యుండాలి, అది షరతు. ఖరీదైన సీసా తెచ్చినవాళ్ళు ఆ రాత్రి గిన్నెలన్నీ కడగాలి. పేరు చూసి పొగడకుండా సీసాకు మేజోడు తొడుగుతారు. అవి కుమరేశన్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడిన నాటి మేజోళ్ళు, ఎర్ర గీతలవి. తాగి, తోచింది చెప్పాలి. వైను గురించి వాళ్ళలో ఎవరికీ ఏమీ తెలియదు. అదే ఆ ఆటలో మజా.

కోదండరామన్ స్నానం చేసి, తెల్ల పంచె కట్టి, విభూతి పెట్టుకొని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనకి గ్లాసులో మజ్జిగ. ముప్పై ఏళ్ళుగా పన్నీరు ద్రాక్ష పండిస్తున్నాడు. ఆ పండ్లు పది పన్నెండేళ్ళుగా వైను చేసే కంపెనీకి కూడా పోతున్నాయి. అయినా ఆయన నోట ఒక్క చుక్క పడలేదు.

"మీరంతా తాగండి. నేను వింటా," అన్నాడు తమిళంలో. బల్ల దగ్గర అందరూ తమిళమే.

కుమరేశన్ మొదటి సీసా పోశాడు. గ్లాసులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకొని, "మా అమ్మమ్మ ట్రంకుపెట్టె," అన్నాడు. "పట్టుచీర వాసన కూడా కాదు. పెట్టె వాసన."

"నేరేడుపండు తిని వెంటనే నీళ్ళు తాగినట్టుంది," అంది కళైవాణి.

"నువ్వు చెప్పు మచ్చా," అన్నాడు కుమరేశన్ స్నేహితుడితో. అందరూ ఉదయకుమార్ వైపు తిరిగారు. ఆటలో అతనిదే పై చెయ్యి.

ఉదయకుమార్ ఒక గుక్క తాగి, గ్లాసు దీపానికి ఎత్తి చూశాడు. "ఇది కల్యాణ మండపం గుమ్మంలో పన్నీరు చల్లే మనిషి. బలే నవ్వుతాడు. రండి రండి అంటాడు. లోపలికి పోయి విచారిస్తే, అతను ఎవరి తరఫు చుట్టమో ఇరుపక్కలా ఎవరికీ తెలియదు."

కుమరేశన్ బల్ల చరిచాడు. కోదండరామన్ నవ్వితే మజ్జిగ కొంచెం పంచె మీద ఒలికింది. ఆయన కండువాతో తుడుచుకుంటూ అల్లుడి వైపు చూసి ఇంకా నవ్వాడు. మాలిని ఆ నవ్వు చూసింది. ఈ మనిషిని నా కూతురు సరిగ్గానే ఏరుకుంది అని ఆ నవ్వులో ఉన్నట్టు తోచింది ఆమెకి.

రెండోది తెల్ల వైను. కుమరేశన్ అది ఉల్లి బజ్జీల్లోకి బాగుంటుందన్నాడు. కళైవాణి జామకాయ తొక్క అంది.

"మేట్టుపాళయంలో కొండ రైలు ఎక్కి," అన్నాడు ఉదయకుమార్, "కిటికీ ఎత్తితే మొదటి మలుపులో తగిలే గాలి. చెవుల దాకా చల్లన. అయితే ఏం, మలుపు తిరిగిందో లేదో అయిపోతుంది. నాకేనా తగిలింది, కలగన్నానా అని మనకే అనుమానం వస్తుంది."

"ఆహా!" అన్నాడు కోదండరామన్.

పెళ్ళైన నెలలో ఆ రైలు ఎక్కింది వాళ్ళిద్దరే. ఆ కిటికీ పక్కన కూర్చున్నది మాలిని. కిటికీ ఎత్తడం చేతకాక ఆమె తంటాలు పడుతుంటే వెనకనుంచి చెయ్యి చాచి ఎత్తింది ఉదయకుమార్. ఆ సంగతి గుర్తుండే అన్నాడా, గుర్తులేకుండా అన్నాడా? గుర్తుండి అంటే అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు?

"అప్పడాలు మరిచిపోయినా," అంటూ ఆమె లేచింది.

ఒక నిమిషానికి ఉదయకుమార్ వంటింట్లోకి వచ్చాడు. "ఏమైంది?"

"రెండు గుక్కలకు అన్ని మాటలు వస్తాయే మీకు," గొంతు తగ్గించి అంది మాలిని, అప్పడాల డబ్బా మూత తీస్తూ. "నాలుగు నెలలుగా నాకోసరం ఒక్కటి వచ్చిందా?"

"అది ఆట మాలినీ."

"ఔను. ఆటకు ఉండే మాటలు ఇంటికి లేవు. ఆ చవక సీసాకు ఉండే మర్యాద కూడా నాకు లేదు ఈ ఇంట్లో. దాన్ని ఎత్తి చూస్తారు, వాసన చూస్తారు, ఎట్ల ఉండాదని నలుగురు అడుగుతారు. నన్ను ఎవరు అడిగిరి?"

ఉదయకుమార్ నోరు తెరిచాడు. హాల్లోంచి మామగారు దగ్గారు. అతను నోరు మూసుకొని వెళ్ళిపోయాడు.

* * *

మాలిని పొయ్యి కట్టేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకొని తిరిగేసరికి గుమ్మంలో ఖాళీ గిన్నె పట్టుకొని కళైవాణి నిలబడి ఉంది.

"పొగ," అంది మాలిని తమిళంలో, నవ్వు తెచ్చుకుంటూ. "కంట్లో పడింది."

"పొగ యాడుంది అక్కా," అంది కళైవాణి. "పొయ్యే ఆర్పేసి ఉండావు."

తెలుగులో అంది.

మాలినికి ముందు అర్థం కాలేదు. మాట అర్థమైంది, అది ఎవరి నోటినుంచి వచ్చిందో అర్థం కాలేదు. స్టూలు లాక్కొని కూర్చుంది.

"నీకు తెలుగు వస్తుందా?"

"మా అమ్మమ్మ వాళ్ళది మదురై. ఇంట్లో అంతా తెలుగే. వీళ్ళ ఇంటికి వచ్చినాక మాట్లాడేదానికి మనిషి లేదు. కొంచం కొంచం మరిచిపోయినా."

"మూడేళ్ళు! మూడేళ్ళు చెప్పలేదే?"

కళైవాణి గిన్నె సింకులో పెట్టింది. తల ఎత్తకుండా అంది. "మొదట మేము వచ్చిన దినం నేను సేమియా పాయసం చేసి తెచ్చితిని. నువ్వు ఒక స్పూను నోట్లో పెట్టి, అన్నకు తెలుగులో చెప్పితివి. దీంతో గోడకు పోస్టర్ అతికించొచ్చని."

మాలిని కళ్ళు గట్టిగా మూసుకుంది. గుర్తుంది. ఉదయకుమార్ ఆ మాటకి పొలమారేదాకా నవ్వాడు. అప్పట్లో నవ్వేవాడు.

"అప్పుడే నాకు తెలుగు వస్తుందని చెప్తే నీకు ఎట్ల ఉంటుంది? సిగ్గు కదా? ఆ దినం చెప్పలేక పోతిని. ఆ తర్వాత ఒక్కొక్క మాట విన్న కొద్దీ ఇంకా చెప్పలేక పోతిని."

"అంతా విన్నావు."

"అంతా వింటి అక్కా. అన్న చెప్పింది, నువ్వు సరి అన్నది. హోసూరు. నువ్వు ఒక దినం పాలు కాస్తా, ఒంటరిగా మాట్లాడుకుంటివి. అది కూడా వింటి."

మూడేళ్ళుగా తలుపు వేసి ఉందనుకున్న గదికి అసలు తలుపే లేదు. మాలినికి ఒళ్ళంతా మండింది. సిగ్గుకి కోపం తోడైంది. కోపం పడేసే చోటు కోసం చూస్తుంటే కళైవాణి తనంతట తానే చోటు చూపించింది.

"నాయనకు ఫోను చేసింది నేనే."

"ఏంది?"

"ద్రాక్షపండ్లు తెప్పించుకునేదానికి నువ్వే ఇచ్చితివి నంబరు. నిన్న చేస్తిని. చెప్పితిని."

మాలిని లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. "ఎవరు చెప్పమన్నది నిన్ను? ఎవరు అడిగిరి? నా ఇల్లు ఇది. నా నాయన ఆయన. ఆయనకు తెలియొద్దని నేను ఈ నాలుగు నెలలు..." ఇక మాట రాలేదు.

"ఎవరూ అడగలేదు," అంది కళైవాణి. ఆమె కూడా ఏడుస్తోంది. "మీ ఇద్దరికీ అడిగే నోరే లేదే అక్కా. ఒకరైనా అడుగుతారని ఎన్ని శనివారాలు చూస్తి."

హాల్లో కుమరేశన్ ఏదో అంటున్నాడు. నాయన నవ్వు వినిపించింది. పంచె మీద మజ్జిగ ఒలికేలా నవ్విన నవ్వు, అల్లుణ్ణి చూసి మురిసిన చూపు, అన్నీ తెలిసే చేశాడా? తనకోసం ఆయన, ఆయన కోసం తను. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ నాటకమాడుతున్నారు.

"నువ్వు చెప్పినప్పుడు," అంది మాలిని పడిన స్టూలు ఎత్తి పెడుతూ, "ఏమనె నాయన?"

"ఒకటే అడిగె. అమ్మా, వాళ్ళిద్దరూ పొద్దుకు అన్నం తింటుండారా అని."

* * *

అప్పడాల పళ్ళెంతో మాలిని తిరిగి వచ్చేసరికి బల్ల మీద మూడో సీసా ఉంది.

"రెండేగా ఉండాలి?" అన్నాడు ఉదయకుమార్. "షరతు మారిందా?"

"నన్ను చూస్తావేంటి మచ్చా, నీ మేజోడే కదా అది," అన్నాడు కుమరేశన్.

నిజమే. అది ఉదయకుమార్ ఆఫీసుకి తొడుక్కొనే నల్ల మేజోడు. బాల్కనీలో బట్టల తీగ మీద ఆరేసి ఉండాల్సింది. ఎవరు తెచ్చారు, ఎవరు తొడిగారు అని ఇద్దరూ ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. ఎండిపోయిన మూత కష్టం మీద తిరిగింది. గ్లాసులో పడింది ఎరుపు కాదు, చింతపండు నీళ్ళ రంగు.

కుమరేశన్ ఒక గుక్క తాగాడు. మరుక్షణం సింకు దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యో! ఇది వైను కాదు మచ్చా. దీంట్లో మామిడికాయ ముక్కలు వెయ్యి, ఊరగాయ అవుతుంది. పారబొయ్యి, పారబొయ్యి!"

తనే పడీ పడీ నవ్వాడు. కళైవాణి నవ్వలేదు. మాలిని తండ్రి వైపు చూసింది. కోదండరామన్ రెండు చేతులూ బల్ల కింద ఉన్నాయి. ఒళ్ళో పసుపు గుడ్డసంచి. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు.

అప్పుడు చూసింది ఆమె సీసా మెడ వైపు. మేజోడు అంచుకి పైన గాజు మీద గంధం, దాని మీద కుంకుమ. ఏటేటా ఆయుధపూజకి పెట్టిన బొట్టు మీద బొట్టు, పెచ్చులు కట్టి ఉంది. ఊళ్ళో ఇంట్లో దేవుడి గూట్లో, అమ్మ ఫోటో పక్కన, దీపం వెనకాల నిలబెట్టి ఉండే సీసా అది. మాలిని పెళ్ళి ఏడు దిగిన కాపుతో చేసింది. కంపెనీవాళ్ళు కోదండరామన్‌కి కానుకగా ఇచ్చారు. కొత్తల్లో ఊరికి వెళ్ళినప్పుడల్లా ఉదయకుమార్ దాన్ని చూసి, మీ నాయన దీనికి కూడా హారతి ఇస్తాడా అని మాలినిని ఆటపట్టించేవాడు.

ఉదయకుమార్ కూడా ఆ బొట్టు చూశాడు. గ్లాసు అతని చేతిలోనే ఉంది. నోటిదాకా వచ్చిన తమాషా మాట ఏదో అక్కడే ఆగిపోయింది.

"చెప్పు మచ్చా, దీనికేం చెప్తావో చూస్తా," అన్నాడు కుమరేశన్.

ఉదయకుమార్ గ్లాసు ఎత్తి తాగాడు. గుక్క కాదు, మొత్తం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"బాగుంది," అన్నాడు.

అంతే. కొండ రైలు లేదు, కల్యాణ మండపం లేదు. ఆ ఒక్క మాటకి మాలిని గుండె కలుక్కుమంది. నాలుగు నెలలుగా ఈ మనిషి మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారి పక్కకి తప్పుకొని, దాని వెనక ఇన్నాళ్ళూ ఉన్నది కనబడింది. ఆమెకి అతనంటే ఇంకా ఇష్టం. చెప్పుకోవడానికి సిగ్గుపడేంత ఇష్టం. మాటలన్నీ ఉన్నప్పుడు అతను ఆడతాడు. మాట రానప్పుడే నిజంగా అక్కడ ఉంటాడా? అలాగైతే ఇంట్లో అతను మాట్లాడకుండా గడిపిన సాయంత్రాలన్నీ ఏమిటి? ఇంత ఆలస్యంగా ఈ ప్రశ్న వచ్చి ఏం లాభమని తన మీద తనకే దుఃఖం వచ్చింది.

"నాకూ కొంచం పొయ్యండి మాప్పిళ్ళా," అన్నాడు కోదండరామన్ అల్లుడితో.

"వద్దు మామా. మీకు అలవాటు లేదు."

"పొయ్యండి."

స్టీలు గ్లాసులో పోశారు. ఆయన అందులోకి కాసేపు చూశాడు. తీర్థం పుచ్చుకున్నట్టు కొంచెం నోట్లో పోసుకున్నాడు. మింగాడు. మొహం ముడుచుకోలేదు.

"పులిసిపోయె," అన్నాడు తెలుగులో. "నన్ను చూసి ఏంటికి అబద్ధం చెప్తారు మాప్పిళ్ళా."

కోదండరామన్ సీసా మెడ మీది బొట్టు వైపు చూశాడు.

"ఎన్నేండ్లు పెడితే అంత బాగవుతుందని ఎవరో చెప్పిరి. సామి పక్కన పెడితిని. దినం దీపం పెడితిని. తుడిచి బొట్టు పెడితిని. తెరిచి ఎట్ల ఉండాదని చూసేది మాత్రం నాకు తోచలేదు." గ్లాసు దూరంగా జరిపాడు. "నిన్న ఈ అమ్మాయి ఫోను చేసె. అప్పుడే గూట్లోనుంచి తీస్తిని. మీ ఇద్దరి ముందర తెరిచి చూడాలని తెస్తిని."

ఉదయకుమార్ కళైవాణి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతని మొహంలో రంగు మారడం మాలిని చూసింది. మూడేళ్ళ వంటింటి మాటలన్నీ ఒక్కటొక్కటిగా అతనికి గుర్తొస్తున్నాయి.

"ఏం జరుగుతోంది?" అన్నాడు కుమరేశన్ తమిళంలో. బల్ల దగ్గర అర్థం కానివాడు ఇప్పుడు అతనొక్కడే. కళైవాణి అతని చెయ్యి నొక్కింది.

"నాయనా," అంది మాలిని. "నేను చెప్పాలనే..."

"ఉండమ్మా. నేను నేరుగా ఇక్కడికి రాలేదు. పొద్దున తేనిలో బస్సు మారేటప్పుడు, అటు పక్క బస్సు ఎక్కితిని. ఆండిపట్టికి పోయి వస్తిని."

"ఆండిపట్టికా? ఏంటికి?"

"మీ అత్త ఇంటికి."

తొమ్మిదేళ్ళు. పండగలు పోయాయి, అమ్మ పోయింది. అమ్మ పోయినప్పుడు కూడా అంజలమ్మ వీధి చివర ఆటోలో కూర్చుని చూసి వెళ్ళిందే గానీ అన్న ఇంటి గడప తొక్కలేదు. అలాంటి చెల్లెలి ఇంటికి ఈ మనిషి, ఊళ్ళో ఎవరికీ తల వంచని ఈ మనిషి, వెళ్ళాడు.

"వాకిట్లో నిలబడితిని," అన్నాడు కోదండరామన్. "రా అని చెప్పలేదు. పో అనీ చెప్పలేదు. నేనే చెప్పితిని. అంజలమ్మా, నా బిడ్డ ఇంటికి వచ్చినా వస్తుంది. వస్తే ఊరంతా మాట్లాడుతుంది. ఊరి నోరు నేను మూయలేను. నువ్వు మాత్రం మాట్లాడొద్దు. నీకు కోపం ఉంటే నన్ను ఎన్ని మాటలైనా చెప్పు. ఇక్కడే నిలబడి వింటా. బిడ్డను ఒక్క మాట అనొద్దు."

ఆయన మజ్జిగ గ్లాసు తీసుకొని ఒక గుక్క తాగాడు.

"లోపలికి పొయ్యె. ఆకు ఏసి అన్నం పెట్టె. నేను తినేవరకూ ఎదురుగా కూర్చోని ఉండె. నోరు తెరవలేదు. చెయ్యి కడుక్కుని చెప్పులు తొడుక్కునేటప్పుడు చెప్పె. అన్నా, మాలిని రూము పడమటి పక్కది కదా, సాయంత్రం ఎండ కొడుతుంది, కర్టను ఒకటి కుట్టి పంపుతా అని."

మాలిని ఇక ఆపుకోలేదు. అందరి ముందూ, దాచుకోకుండా, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఏ మాట పడాల్సి వస్తుందని నాలుగు నెలలు ఊరి పేరు తలచుకోవడానికే భయపడిందో, ఆ మాట పడకుండా తండ్రి ముందే వెళ్ళి తన ఒళ్ళు అడ్డం పెట్టి వచ్చాడు. ఆయన్ని కాపాడుతున్నాననుకుంది తను.

కోదండరామన్ కూతురి తల మీద చెయ్యి వేశాడు. చూపు మాత్రం అల్లుడి మీద ఉంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే ఉదయకుమార్‌కి తేలిగ్గా ఉండేది.

"తప్పు ఎవరిదని అడిగేదానికి నేను రాలేదు మాప్పిళ్ళా. నాకు అది వద్దు. రేపు పొద్దున బస్సుకు టికెట్టు తీయాల. ఈ తంబి ఫోనులో తీసిస్తానని చెప్పె. ఒకటి తీసేదా, రెండు తీసేదా. అది చెప్పండి చాలు."

అంత మాటల్లోనూ కుమరేశన్‌కి ఒక్క 'టికెట్టు' అర్థమైంది. పాపం, ఏదో ఒక సాయం చెయ్యగలనని సంబరపడి వెంటనే ఫోను తీశాడు. "బుకింగు తెరిచే ఉంది అప్పా. ముందు సీట్లు కూడా ఉన్నాయి. ఎన్ని కావాలి?"

మాలిని తల ఎత్తింది. ఉదయకుమార్ వైపు చూసింది. ఆమె జీవితంలో ఏ మనిషి మాట కోసమూ అంతగా ఎదురు చూడలేదు. ఒకటి అను. వద్దు అను. ఆగు అను. పోనీ, ఏంటికి అని అడుగు. ఏదైనా సరే, ఒక్క మాట.

ఉదయకుమార్ ఖాళీ గ్లాసు అడుగున మిగిలిన మడ్డి వైపు చూస్తున్నాడు. అతని దవడ కదులుతోంది. మాట రావడం లేదు. కుమరేశన్ బొటనవేలు ఫోను మీద ఆగి ఉంది.

ఎంతసేపని చూస్తుంది? చూసి చూసి ఆమెకి విసుగు రాలేదు, దుఃఖమూ రాలేదు. అలసట వచ్చింది.

"రెండు," అంది మాలిని.

తమిళంలోనూ తెలుగులోనూ అది ఒకే మాట. బల్ల చుట్టూ అందరికీ అర్థమైంది.

సరిగ్గా అప్పుడే ఉదయకుమార్ తల ఎత్తి నోరు తెరిచాడు. ఏదో మాట పెదాల దాకా వచ్చి ఉంది, మాలిని స్పష్టంగా చూసింది. ఆమె అన్నది విని, తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

"కిటికీ పక్కదే దొరికింది అక్కా," అన్నాడు కుమరేశన్ సంతోషంగా, టికెట్లు తీసేసి.